జాడించిన నీళ్లు

మొన్న పొద్దున అశోక్‌నగర్ మలుపులో ఇస్త్రీ బండి దగ్గర ఉండాల్సిన నాన్న, నిప్పులున్న పెట్టెను అలాగే వదిలేసి ఇంటికి వచ్చాడు. "టీచరమ్మ పోయింది బిడ్డా. నిద్రలనే పోయిందంట" అన్నాడు. అమ్మ ఏడ్చింది. నాకు ఏడుపు కన్నా ముందు సిగ్గు ముంచుకొచ్చింది.

చిక్కడపల్లిలో ఆమె ఇంటి బట్టలు మా అమ్మే ఉతికేది. నారాయణగూడలో తాను సైన్సు చెప్పే బడిలో నన్ను చేర్పించింది ఆమే. మా ఇంట్లో బడి ముఖం చూసిన మొదటి మనిషిని నేను. "తెలిసినట్టు తలూపకు, తెల్వకుంటే అడుగు" అనేది. సుద్దముక్కల్ని కొంగున ముడి వేసుకోవడం ఆమె అలవాటు. ముడి విప్పకుండానే చీర ఉతకడానికి వేసేది. అమ్మ సణిగేది.

పదో తరగతిలో నాకు జ్వరం వచ్చింది. తల పగిలిపోయే నొప్పి, వాంతులు. గడ్డం గుండెకు ఆనించమంటే మెడ వంగలేదు. మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీళ్లను సూదితో తీసి పరీక్షించాలన్నాడు డాక్టరు. మెదడు ఆ నీళ్లలోనే తేలుతూ ఉంటుందట. జబ్బు మెదడు పొరలకు పాకిందో లేదో ఆ నీళ్లే చెప్పాలట.

నాన్న ఒప్పుకోలేదు. విషయం తెలిసి వచ్చిన టీచరమ్మ చేతులు పట్టుకున్నాడు.

"వెన్నుల సూది గుచ్చితే కాళ్లు పడిపోతయంట అమ్మా. ఆడపిల్ల, రేపు దాన్నెవడు చేసుకుంటడు?"

"ముందు పిల్ల బతకాల్నా వద్దా? వెన్నుపాము అయిపోయినంక, దాని కింద గుచ్చుతరు. కాళ్లకేం గాదు. జాడించిన నీళ్లు జూసి బట్టల మురికి ఎంతుందో చెప్తవు గద నువ్వు? డాక్టరుకు గీ నీళ్లు గట్లనే. చూస్తెనే ఏం మందియ్యాల్నో ఎరుకైతది."

నాన్న వేలిముద్ర వేశాడు.

నన్ను పక్కకు తిప్పి, మోకాళ్లు కడుపులోకి మడిచి, కదలకుండా పట్టుకుంది టీచరమ్మే. నా వీపు అందరి ముందూ బయటపడింది. సూది దిగగానే లంగా తడుపుకున్నాను. ఆమె పట్టు వదల్లేదు. సీసాలో పడుతున్న చుక్కల్ని చూస్తూ, "బియ్యం కడిగినట్టున్నయి" అని మాత్రం గొణిగింది. తేటగా ఉండాల్సిన నీళ్లవి. పరీక్షలో జబ్బేదో తేలింది, సరైన మందు పడింది, బతికాను.

ఆ లంగాను ఆమె తన ఇంటికి తీసుకెళ్లి ఉతికి ఆరేసింది. మర్నాడు బట్టలకు వెళ్లిన అమ్మ దండెం మీద చూసి హడలిపోయింది.

"మా బట్టలు మీరు ఉతుకుడేందమ్మా!"

"ఏం, సబ్బు నీ ఒక్కదానిదేనా?"

ఆ తర్వాత ఆమె ఎదురైతే నేను తల ఎత్తలేకపోయేదాన్ని. "అప్పుడేమో మెడ వంగలే, ఇప్పుడేమో లేస్తలేదు. ఏంది పిల్లా నీ మెడ!" అని నవ్వేది. నేను నవ్వలేదు. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాను. ఒక్కసారి కూడా ఆమెకు థాంక్స్ చెప్పలేదు.

ఆమె పడుకున్న దుప్పటి ఉతకడానికి వచ్చింది. ప్రాణం పోయేటప్పుడు తడిసిందట. అమ్మ చేతిలోంచి నేనే తీసుకున్నాను. నీళ్లు మారుస్తూ జాడించి, ఆమె మేడ మీది దండెం మీదే ఆరేశాను. అంచు నుంచి చుక్కలు ఒక్కొక్కటే రాలాయి. మెడ ఎత్తి, అలాగే చూస్తూ నిలబడ్డాను. తేటగా ఉన్నాయి.