పాట మధ్యలో ఊపిరి

బ్యాండులో అందరూ అతన్ని పాదరసం అనేవాళ్లు. భార్య కూడా అనేది, కాకపోతే ఒళ్లు మండినప్పుడు మాత్రమే. మనిషికి కుదురన్నది లేదు. అన్నం తింటూ మధ్యలో లేచి వెళ్లి, కొట్టుకుంటున్న కిటికీ తలుపు బిగించి వస్తాడు. క్షౌరానికి కూర్చుంటే మంగలి కత్తెర పక్కన పెట్టి, "కాసేపు కదలకుండా ఉంటారా, చెవి కూడా తీసెయ్యమంటారా?" అని అడగాల్సి వచ్చేది. చేసేది లిఫ్టుల మరమ్మతు. పొద్దస్తమానం పైకీ కిందికీ తిరిగే పని వీడికి సరిగ్గా కుదిరిందని చుట్టాలు వేళాకోళం చేసేవాళ్లు.

అలాంటివాడు కుర్రతనంలో మొదలుపెట్టి జుట్టు నెరిసేదాకా ఒకే కుర్చీలో కూర్చుని ఒకే క్లారినెట్ వాయించాడంటే దానికి కారణం మామగారు. క్లారినెట్ నేర్పిందీ ఆయనే, పిల్లనిచ్చిందీ ఆయనే. శిష్యుణ్ని చూసి పిల్లనిచ్చారా, పిల్లనిచ్చాక తప్పదని శిష్యుణ్ని చేసుకున్నారా అన్నది ఆ ఇంట్లో ఇప్పటికీ తేలని సంగతి.

బ్యాండువాళ్లు ఆదివారాలు పార్కులో వాయించేవాళ్లు. వారం మధ్యలో ఒక సాయంత్రం కలప అడితి పై గదిలో సాధన. క్లారినెట్లు రెండే. మామా అల్లుళ్లు పక్కపక్కన కూర్చుని ఒకే పాటని ఒకే గొంతుతో పలికించేవాళ్లు. అందుకు వాళ్లకో పద్ధతి ఉంది. ఇద్దరూ ఒకేసారి ఊపిరి పీల్చకూడదు. పంక్తి చివర, ఎవరైనా పీల్చుకునే చోట, మామగారు పీల్చుకుంటారు. అప్పుడు అల్లుడు స్వరాన్ని వదలకుండా పట్టుకుంటాడు. అల్లుడు పీల్చేది పంక్తి మధ్యలో, మామగారి స్వరం చాటున. వినేవాళ్లకి ఎక్కడా అతుకు దొరకదు.

కొన్నాళ్లుగా మామగారి ఊపిరి చిన్నదైపోతోంది. పంక్తి చివర ఒక్కచోట పీల్చుకుంటే చాలడం లేదు. ఎక్కడపడితే అక్కడ ఆగిపోయేవారు. పాదరసం ఆ సందులన్నీ పూడ్చుకుంటూ వచ్చాడు. ఎవరికీ చెప్పలేదు, భార్యకి కూడా. చెప్పకపోవడంలో మంచితనం ఎంతుందో గర్వమూ అంతే ఉంది. ఈ ముసలాయన్ని నేను మోస్తున్నాను కదా అని లోలోపల మీసం మెలేసుకునేవాడు. మోసీ మోసీ విసుగెత్తిపోయేవాడు కూడా.

ఇంతలో శాక్సఫోన్ వాయించేవాడికి వేరే ఊళ్లో ఉద్యోగం దొరికింది. బ్యాండుమాస్టరు ఆ వాయిద్యం తెచ్చి పాదరసం ఒళ్లో పెట్టాడు.

"ఏమయ్యా, పట్టుకుంటావా? వచ్చే నెల పార్కులో పెద్ద కచేరీ. మధ్యలో శాక్సఫోన్ ఒంటరిగా వాయించే పాటొకటి ఉంది."

పాదరసానికి ప్రాణం లేచొచ్చింది. ఆ బ్యాండులో శాక్సఫోన్ వాడొక్కడే ఒంటరి పాటకి లేచి నిలబడతాడు. క్లారినెట్లు ఎప్పుడూ కూర్చునే ఉంటాయి. ఒక్కసారి, ఎవరి సందులూ పూడ్చే పని లేకుండా, నిలబడి తన పాట తను వాయించుకోవాలని అతనికి ఎన్నాళ్లుగానో కోరిక. కానీ తను లేచి వెళ్తే ఆ పక్క కుర్చీలో మామగారి సంగతి? మొదటి సాధనలోనే బండారం బయటపడుతుంది.

కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగి, చివరికి ఆయన్నే అడిగాడు. మామగారు క్లారినెట్ రీడు తుడుచుకుంటూ తలెత్తకుండానే అన్నారు.

"వాయించు అల్లుడూ, నాకేం? ఇబ్బంది పడేది నువ్వే."

ఎత్తిపొడుపో దీవెనో అర్థం కాలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ, ఓ పాత భవనం నెత్తిన ఉన్న లిఫ్టు మోటారు గదిలో సాధన మొదలుపెట్టాడు. క్లారినెట్ అలవాటుకొద్దీ మౌత్‌పీస్‌ని పళ్లతో బిగబట్టేవాడు. శాక్సఫోన్‌కి పెదవులు వదులుగా ఉండాలి. బిగిస్తే కీచుమంటుంది. ఆ కీచు లిఫ్టు గొయ్యిలోంచి కింది అంతస్తుదాకా దిగేది. కింద ఎదురుచూసే ఒక పెద్దావిడ, లిఫ్టు ఏడుస్తోంది, ఎక్కనంటే ఎక్కనని మెట్లదారి పట్టింది. నానా అవస్థా పడి పెదవుల్ని దారికి తెచ్చుకున్నాడు. నిజంగానే మంచి నాదం పలికింది. ఇంక తిరుగు లేదనుకున్నాడు.

తర్వాతి సాధనలో ఒంటరి పాట మొదలవగానే బ్యాండుమాస్టరు చేయెత్తి ఆపాడు.

"అదేంటయ్యా, పంక్తి మధ్యలో పీలుస్తున్నావ్? పీల్చాల్సిన చోట వదిలేసి ముందుకు పోతున్నావ్?"

మళ్లీ వాయించాడు. మళ్లీ మధ్యలోనే తెగింది. ఇన్నేళ్లూ తప్పు చోట పీల్చీ పీల్చీ ఆ ఛాతీకి సరైన చోటంటూ తెలియకుండా పోయింది. అటుపక్క ఒంటరి క్లారినెట్ పళ్లూడిన దువ్వెనలా ఉంది. వేణువు వాయించేవాడు వెనక్కి తిరిగి చూశాడు.

"ఇలాగైతే ఈ పాట ట్రంపెట్‌కి ఇచ్చేస్తాను. చివరిసారి అడుగుతున్నా, ఏంటి నీ ఇబ్బంది?" అన్నాడు బ్యాండుమాస్టరు.

చెప్పడం మొదలుపెడితే మామగారి ఆయాసం దాకా చెప్పాలి. చెప్పకపోతే పాట పోతుంది. బాగానే ఉన్న మౌత్‌పీస్‌ని విప్పి మళ్లీ బిగించాడు.

అప్పుడు మామగారు లేచి గది మధ్యకి వచ్చి గొంతు సవరించుకున్నారు.

"తప్పు నాది మాస్టారూ. మా అల్లుడికి వచ్చిన కొత్తలో కొవ్వొత్తి ఆర్పే పాటి ఊపిరి కూడా లేదు. పంక్తి చివరిదాకా లాగలేకపోయేవాడు. మధ్యలో పీల్చుకో, నేను పట్టుకుంటానని అలవాటు చేశాను. అప్పట్నుంచీ మోస్తున్నాను. ఇప్పుడు ఒంటరిగా వదిలేస్తే ఎలా? నన్ను అతని పక్కన కూర్చోబెట్టండి."

పాదరసానికి అరికాలి మంట నెత్తికెక్కింది. మోస్తున్నది ఎవరు? ఎవర్ని? నిజం నాలుక చివరిదాకా వచ్చింది. మామగారు గది మధ్యలో వెన్ను నిటారుగా పెట్టి, అల్లుడి పరువు కాపాడిన తృప్తితో నిలబడి ఉన్నారు. ఆ మొహం చూశాక నిజం మింగేశాడు.

"అవును మాస్టారూ. ఆయన లేకపోతే నావల్ల కాదు," అన్నాడు.

ఇంటికొచ్చి భార్య దగ్గర అక్కసంతా వెళ్లగక్కాడు. ఆమె నవ్వాపుకోలేకపోయింది.

"నాన్న చెప్పింది నిజమేగా? పెళ్లినాడు మా ఇంటి మెట్లెక్కి, ఆయాసంతో మంచినీళ్లు కూడా అడగలేకపోయారు. మర్చిపోయారా?"

నిజంగానే మర్చిపోయాడు. గుర్తొచ్చాక కోపం తగ్గకపోగా ఇంకా పెరిగింది. తన పాట అనుకున్నదాంట్లో కూడా ఆయనే వచ్చి కూర్చున్నారు.

కచేరీ రోజు పార్కు నిండిపోయింది. అతను లేచి నిలబడ్డాడు. మామగారు పక్కనే కూర్చుని క్లారినెట్ ఎత్తారు. మొదటి పంక్తి పాత పద్ధతిలోనే నడిచింది. అల్లుడు మధ్యలో పీల్చాడు, మామ చివర పీల్చారు. రెండో పంక్తి సగానికి వచ్చేసరికి మామగారి బూటు అతని పాదాన్ని గట్టిగా నొక్కింది. వద్దని. ఛాతీ పేలిపోతున్నా పీల్చకుండా లాక్కొచ్చాడు. చివరికి వచ్చాడు. అది మామగారు పీల్చుకునే చోటు.

ఆయన పీల్చుకోలేదు. స్వరాన్ని పట్టుకున్నారు. మొహం కందిపోయి, మెడ నరాలు ఉబ్బి, కళ్లు పైకెత్తి అల్లుణ్ని చూశారు. తీసుకో, తీసుకో అని ఆ కళ్లు కసురుకున్నాయి. పాదరసం జీవితంలో మొదటిసారి పీల్చాల్సిన చోట గుండె నిండా పీల్చుకున్నాడు.

మూడో పంక్తి ఎత్తుకునేసరికి పక్కన క్లారినెట్ లేదు. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని, నోరు తెరిచి ఎగపోస్తున్నారు. మళ్లీ ఎత్తలేదు. మిగతా పాటంతా శాక్సఫోన్ ఒక్కటే పాడింది, ప్రతి పంక్తీ చివరిదాకా. అది కావాలనే అలా అమర్చారనుకుని జనం చప్పట్లు కొట్టారు.

పాదరసం కూలబడినట్టు కూర్చుని ఆయన వీపు నిమిరాడు.

"నీళ్లు తెమ్మంటారా మామయ్యా?"

ఆయన వద్దని చెయ్యి ఊపారు. మాట రావడానికి చాలాసేపు పట్టింది.

"ఇంక... నా అవసరం లేదు నీకు," అన్నారు. ఆ గొంతులో ఎంత సంతోషమో.

ఆ మాట ఆయన నోట వినాలని పాదరసం ఎన్నేళ్లు ఉడికిపోయాడో లెక్కలేదు. తీరా విన్నాక కళ్లనీళ్లు ఆగలేదు. అందరూ చూస్తున్నారని తెలిసి కూడా ఆగలేదు. బ్యాండుమాస్టరు తర్వాతి పాటకి చేయెత్తాడు. మామగారు క్లారినెట్‌ని ముక్కలుగా విప్పి, తుడిచి పెట్టెలో పెట్టుకుంటున్నారు.