బార్‌లో మంచినీళ్లు అడిగాను

ఇవాళ ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి, నేనూ మా షిఫ్టు మల్లేశూ పటాన్‌చెరులో ఒక బీరు బార్‌కి వెళ్లాం. బిర్యానీ తిన్నంతసేపూ వాదనే. సిటీ రెస్టారెంట్లలో శుభ్రం ఉంటుందని నేను, రుచి మాత్రం ఈ బార్‌లోనే ఉందని అతను. కారం తగిలి మంచినీళ్లు అడిగితే ఓనరే వచ్చాడు.

"నీళ్లొద్దన్నా, ఇంకో బీరు తాగు. మా బోరు నీళ్లు వాసనొస్తున్నయ్. మేమైతే ఇంటికెల్లి తెచ్చుకుంటున్నం."

"మరి బిర్యానీ ఏ నీళ్లతోని వండిన్రు?" అన్నాడు మల్లేశు.

ఓనరు ప్లేట్లు తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు. వాదన అక్కడితో ఆగింది.

పటాన్‌చెరు పక్కనే ఉన్న మా ఊరు లక్డారంలో ఇంటికొచ్చి, మా బోరు నీళ్లు గ్లాసులో పట్టి వాసన చూశాను. వచ్చింది నా నోట్లోని బీరు వాసనే అనుకుంటున్నాను. మన ఊళ్లో బీరు తాగనివాళ్లు ఎవరైనా మీ బోరు నీళ్ల గ్లాసు వాసన చూసి చెప్పండి.