చక్కెర అచ్చులో పోసిన స్టేషను

రాజమణి టీచర్ ఇక లేరన్న వార్తను మా బడి ఆయా తెచ్చింది. సోమవారం పొద్దున్నే మా ఇంటి గుమ్మంలో నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "టీచరమ్మా, మన డ్రాయింగ్ టీచరమ్మ పోయిందంట. రాత్రి గుండెల నొచ్చిందంట. దవాఖానకు తీస్కపోయేలోపట్నే..." అని మాట మింగేసింది. నేను నమ్మలేదు. శనివారం సాయంత్రం బడి గేటు దగ్గర నాతో పోట్లాడి వెళ్లిన మనిషి సోమవారానికి లేకుండా పోవడమేమిటి? పోట్లాట కూడా ఏమంత పెద్దది కాదు. నా తొమ్మిదో తరగతి పిల్లలు ఆవిడ రంగు సుద్దలన్నీ అరగదీశారు. "సోమారం వచ్చి నీ సంగతి జెప్త" అని బెదిరించి రైలెక్కారు. సోమవారం వచ్చింది, ఆవిడ రాలేదు.

మా బడి వార్షిక సంచికకు ఆవిడ గురించి నన్నే రాయమన్నారు. లెక్కల టీచరుకు ఇలాంటి రాత చేతకాదని తప్పించుకోబోయాను. కానీ ఆ మహనీయురాలికి మా ఇల్లు పడ్డ రుణం ఈ బడిలో ఇంకెవరూ పడలేదు. అందువల్ల, వచ్చినట్టుగా రాస్తున్నాను.

రాజమణి అక్కయ్యది మూసాపేట. తండ్రిగారికి అక్కడ మిఠాయి దుకాణం. కాముని పున్నమికి వాళ్లింట చక్కెర పేర్లు చేసేవారు. నేను గుంటూరు వైపు నుంచి వచ్చినదాన్ని, ఇక్కడికొచ్చే దాకా వాటిని ఎరగను. దారం పరిచిన చెక్క అచ్చుల్లో పాకం పోసి, బిళ్లల దండలుగా తీసి, హోలీనాడు పిల్లల మెడల్లో వేస్తారు. ఆ అచ్చులను తండ్రిగారే ఉలితో చెక్కేవారట. పక్కన కూర్చుని ఈవిడా నేర్చుకున్నారు. తర్వాత చిత్రలేఖనం చదువుకుని ఉపాధ్యాయిని అయినా, ఆ ఉలి మాత్రం చేతిసంచీలో ఉండనే ఉండేది. పెళ్లయిన తొలినాళ్లలోనే భర్త పోవడంతో తమ్ముడి ఇంట ఉంటూ, రోజూ రైల్లో లింగంపల్లిలోని మా బడికి వచ్చి వెళ్లేవారు. పొడగరి, పెద్ద గొంతు. క్రాఫ్టు పీరియడులో పిల్లల చేత సుద్దముక్కలు అచ్చుల్లో పోయించడం వల్ల మోచేతుల దాకా ఎప్పుడూ తెల్లటి పిండి. మెచ్చుకోలు విషయంలో పరమ పిసినారి. ఎంత బాగా గీసిన పిల్లకైనా ఆవిడ నోట "గిట్లుండాలె" అన్న ఒక్క మాటే దక్కేది. ఆ ఒక్క మాట కోసం పిల్లలు పోటీలు పడేవారు.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పాలి. మా వారు ఇదే లింగంపల్లి స్టేషనులో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా పనిచేశారు. నీటికాసుల వ్యాధితో రెండు కళ్లూ పోయాయి. ఉద్యోగం వదులుకుని, క్వార్టర్సు ఖాళీచేసి, స్టేషనుకు కూతవేటు దూరంలో కిరాయి ఇంటికి మారాం. అప్పటి నుంచి ఆయన మంచం దిగితే ఒట్టు. రైలు కూత విని అది ఏ బండో చెప్పేవారు, ఆలస్యమైతే విసుక్కునేవారు, కానీ గడప దాటేవారు కాదు. "రండి, అలా స్టేషను దాకా వెళ్లొద్దాం" అని నేనంటే, "ఆ ప్లాట్‌ఫారం మీద నేను పచ్చజెండా ఊపి బండ్లు పంపించాను. అక్కడ నన్నొకరు చెయ్యి పట్టుకుని నడిపిస్తే నేను బతకలేను" అనేవారు. అలా నెలలు గడిచాయి. తిండి తగ్గింది, మాట తగ్గింది. ఈయన ఇలాగే ఆ మంచం మీద కరిగిపోతారేమోనని నాకు లోపల్లోపల దడగా ఉండేది.

ఒకసారి నాకు జ్వరమొస్తే రాజమణి అక్కయ్య చూడటానికొచ్చారు. నన్ను పలకరించి ఊరుకోకుండా, మంచం పక్కన బాసింపట్టు వేసుకుని ఆయనతో కబుర్లలో దిగారు. మొహమాటమన్నది ఆవిడ జాతకంలో లేదు. "సారూ, గంత పట్టింపు దేనికి? స్టేషన్‌కు ఎందుకు వోరు?" అని అడిగేశారు. నాతో ఎన్నడూ అనని మాట ఆయన ఆవిడతో అన్నారు. "పట్టింపు ఒక్కటే కాదండీ. స్టేషను మరిచిపోతున్నాను. మొదట్లో కళ్లు మూసుకుంటే అంతా కనిపించేది. ఇప్పుడు చెరిగిపోతోంది. టిక్కెట్ల కిటికీకి ఏ పక్కన ఏముందో తెలియడం లేదు. ఏం చూసుకుని నడవను?" అక్కయ్య లేచి, "చెల్లె, ఆ స్టేషన్ స్తంభాల కొలతలు నాకు గావాలె" అన్నారు. చేత్తో తడిమి చూసుకునే స్టేషను చేసిస్తానన్నారు.

మా స్టేషను ముందువైపంతా వరండా. రాతి స్తంభాలు, వాటి మీద కమాన్లు, ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే. నేను తాడుతో కొలిచి, తగ్గించి లెక్కకట్టి ఇచ్చాను. ఆవిడ టేకు చెక్కలో స్తంభంతో సహా ఒక కమాను అచ్చు చెక్కారు. అందులో సుద్దముక్కల పిండి పోసి ఒకదాని తర్వాత ఒకటి తీయవచ్చునని ఆలోచన. తీరా మొదటి కమాను బయటికి రానే లేదు. లాగితే రెండు ముక్కలైంది. కారణం వింటే మీరూ నవ్వుతారు. చక్కెర పాకం అంటుకోకుండా వాళ్ల నాన్నగారు అచ్చులను నీళ్లలో నానబెట్టేవారట. ఈవిడా అలవాటుకొద్దీ అలాగే నానబెట్టారు. చెక్క ఉబ్బి పిండిని పట్టేసింది. "అచ్చు చక్కగనే ఉంది, పిండిదే తప్పు" అని ఆవిడ వాదన. వాదన నెగ్గించుకోవడానికి ఇంటికి తీసుకెళ్లి అదే అచ్చులో చక్కెర పాకం పోశారు. కమాను నిగనిగలాడుతూ ఊడివచ్చింది. మర్నాడు దాన్ని కాగితంలో చుట్టుకుని నేరుగా మా ఇంటికొచ్చి ఆయన చేతిలో పెట్టారు.

ఆయన వేలితో ఆ వంపంతా తడిమారు. వేలు జిగురుగా అనిపించి నాలుకకు రాసుకున్నారు. "ఇదేమిటండీ, మా స్టేషను తియ్యగా ఉంది!" అన్నారు. "డ్యూటీల ఉన్నప్పుడు ఎప్పుడన్న నాకి చూసిన్రా సారూ?" అని అక్కయ్య. ఆయన పకపకా నవ్వారు. నేను వంటింట్లో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ నవ్వు మా ఇంట్లో మళ్లీ వినబడుతుందని నేను అనుకోలేదు. ఆ కమానును అపురూపంగా గూట్లో దాచుకుంటే తెల్లారేసరికి చీమలు పట్టాయి. "స్టేషను తెరవగానే ప్యాసింజర్లొచ్చేశారు" అని మళ్లీ నవ్వారు.

తర్వాత చెక్కను ఎండబెట్టి, వార్నిషు వేసి, కొబ్బరినూనె రాసి పోస్తే పిండి కమాన్లు బుద్ధిగా రావడం మొదలుపెట్టాయి. వాటిని మా స్టాఫ్‌రూము కిటికీలో వరసగా ఆరబెట్టేవారు. పిల్లలు గరుకు కాగితంతో నునుపు చేసేవారు. ఎక్కడైనా చిన్న బుడగ కనిపించినా, అంచు రవ్వంత పలుచనైనా అక్కయ్య నిర్దాక్షిణ్యంగా విరిచి పారేసేవారు. నా ప్రాణం చివుక్కుమనేది. చివరికి నిలిచినవన్నీ కవల పిల్లల్లా ఉన్నాయి. వాటిని ఒక చెక్క పలక మీద వరసగా నిలబెట్టి, వెనుక గదులు అమర్చి, వేళ్లు లోపలికి పోవడానికి వీలుగా పైకప్పు వెయ్యకుండా వదిలేశారు. చూడముచ్చటైన స్టేషను!

మా ఇంటికి తెచ్చి ముందు పెడితే, ఆయన ఒక కొస నుంచి వేళ్లతో బయలుదేరారు. మధ్యలో ఆగారు. వెనక్కి వెళ్లారు. మళ్లీ బయలుదేరి మళ్లీ ఆగారు. "అన్నీ ఒకేలా ఉన్నాయి. నేనెక్కడున్నానో నాకే తెలియడం లేదు" అని పలకను పక్కకు నెట్టి, గోడవైపు తిరిగి పడుకున్నారు. లేని ఆశ పెట్టి మనిషిని మరింత కుంగదీశామనిపించింది. అన్ని రోజుల శ్రమ అలా అయినందుకు అక్కయ్యకు కోపం రావాలి, రాలేదు. నేలమీద కూర్చుని ఆ కమాన్లకేసి చూస్తూ, "సారు మాట నిజమే చెల్లె. నేను స్టేషన్ చెయ్యలె. చక్కెర దండ చేసి పెట్టిన" అన్నారు.

ఆ ఆదివారం ఆవిడ స్టేషనుకు వచ్చి, చెప్పులు విడిచి, కళ్లు గట్టిగా మూసుకుని, చేతులు చాచి వరండాలో తిరగడం మొదలుపెట్టారు. తోడు వెళ్లిన నాకు తల కొట్టేసినంత పనైంది. పోర్టరు యాదగిరి పరుగెత్తుకొచ్చాడు. "ఏంది టీచరమ్మా, కండ్లు మూసుకొని తిరుగుతున్నవ్? బండి కింద పడ్తవ్!" "జర ఆగు యాదగిరీ. ఈ స్తంభం నునుపెక్కింది, ఎందుకు?" "గా స్తంభమా? వికారాబాద్ ప్యాసింజర్ కోసం జనం దానికే ఆనుకొని నిలబడ్తరు. ఎన్నేండ్ల సంది ఆనుతున్నరో." అంతే, యాదగిరికి ఉత్సాహం పుట్టింది. అతనే చెయ్యిపట్టి ఒక్కొక్క స్తంభానికీ తీసుకెళ్లాడు. ఒకదానికి గంట గొలుసు రాసుకుని గాడి పడింది. ఒకదాని మొదలు మంచినీళ్ల కుండల తడికి పెచ్చులూడింది. ఒకదానికి మేకల్ని కట్టేసే ఇనుప కడియం ఉంది. రోజూ ఆ వరండాలోంచి నడిచే నేను వాటిలో ఒక్కటీ గమనించలేదు, కళ్లున్నాయి కదా మరి.

మర్నాడు ఆవిడ ఉలి తీసి, అంత ముచ్చటగా పోసిన కమాన్లకు గాడి పెట్టారు, పెచ్చులూడదీశారు, అంచులు అరగదీశారు. ఎందుకింత పాడు చేస్తున్నారండీ అక్కా అని నేను ప్రాణం ఉసూరుమని అడిగితే, తలెత్తకుండా చెప్పిన మాట నాకు ఈనాటికీ చెవుల్లో ఉంది. "అచ్చుల నుంచి అన్ని ఒక్కతీరుగనే వస్తయి చెల్లె. మనుషులు వాడినంకనే ఏది ఏదో తెలుస్తది."

ఈసారి ఆయన వేళ్లు ఆగలేదు. "ఇది గంట... ఇవి కుండలు... ఇదిగో, ఇది వికారాబాద్ ప్యాసింజరు జనం... ఓహో, టిక్కెట్ల కిటికీ ముందు మెట్టు కూడా పెట్టారా! ఇక్కడ కాలు తట్టుకోని వాడు లేడండీ." ఆయన ముఖంలోకి స్టేషను తిరిగి రావడం నేను చూశాను. దాని తర్వాత ఆయన రోజూ ఆ పలక ఒళ్లో పెట్టుకుని రెండు వేళ్లతో అటూ ఇటూ నడిచేవారు. కొన్ని వారాలకు, ఒక సాయంత్రం, చెప్పులెక్కడున్నాయని అడిగారు. నేను గబగబా వెంట బయలుదేరబోతే, బడి నుంచి నాతో వచ్చిన అక్కయ్య నా కొంగు పట్టుకుని ఆపేశారు. "నువ్వు వోతే సారు వోయినట్టు గాదు, నువ్వు తోల్కపోయినట్టయితది. దూరంకెళ్లి చూద్దాం పా." ఇద్దరం దూరంగా నిలబడి చూశాం. ఆయన కర్రతో వెళ్లారు, స్తంభం తాకారు, ఆగారు, తర్వాతి స్తంభం తాకారు, గంట దగ్గర నిలబడ్డారు. సాయపడబోయిన యాదగిరిని అక్కయ్య చేత్తోనే వారించారు. బండి వచ్చి వెళ్లాక ఆయన తిరిగొచ్చి, "ప్యాసింజరు ఇవాళ కూడా ఆలస్యమే" అని చిరాకుపడ్డారు. అంత కమ్మని చిరాకు నేనెన్నడూ వినలేదు.

ఆ స్టేషనును ఒక ఏడు బడి ప్రదర్శనలో పెట్టారు. చూడవచ్చిన అధికారి ఒకరు, పిల్లలు స్తంభాలు విరగ్గొట్టారే అన్నారు. "విరగ్గొట్టలే సార్. వాడిన్రు" అని అక్కయ్య ముక్తసరిగా జవాబిచ్చి పక్కకు వెళ్లిపోయారు. నేను కృతజ్ఞత చెప్పబోయినప్పుడల్లా కూడా ఇదే వరస. "ఇగ ఆపు. నీ మొక్కులు నాకెందుకు? నా రంగు సుద్దలు జర పైలంగ వాడుమను నీ పిల్లల" అని కసిరేవారు. కానీ అసలు స్టేషనులో ఏ కొంచెం మార్పు వచ్చినా, కొత్త బెంచీ వేసినా, ఒక స్తంభానికి సిమెంటు పూసినా, మర్నాడే ఉలి పట్టుకుని మా ఇంట్లో హాజరు. ఇన్నేళ్లలో ఒక్కసారీ మరిచిపోలేదు. ఇకపై ఆ స్టేషను మారితే మాకు మార్చి ఇచ్చేవారెవరు? ఆ అచ్చు మా దగ్గరే ఉంది, ఆవిడ చెయ్యి లేదు.

ఆ సోమవారం ఆయా వెళ్లిపోయాక నేను గుమ్మంలోనే కూలబడ్డాను. మూసాపేటకు వెళ్లాలని తెలుసు, లేవలేదు. ఆయనే లోపలి నుంచి వచ్చి, నా చెప్పులు వెతికి తెచ్చి, నా చెయ్యి పట్టుకున్నారు. స్టేషనులో జనం. నా కళ్ల నిండా నీళ్లు, ఏమీ కనిపించడం లేదు. ఆయన ఒక చేత్తో నన్ను పట్టుకుని, రెండో చేత్తో స్తంభాలు తాకుతూ నడిచారు. "ఇక్కడ మెట్టుంది, చూసుకో... ఇవి కుండలు... ఇదిగో గంట. ఇక్కడ నిలబడదాం, పెట్టె తలుపు సరిగ్గా ఇక్కడికే వస్తుంది." నేను వెక్కుతూంటే, "ఏడుస్తూనే నడువు, ఫరవాలేదు. దారి నాకు తెలుసు" అన్నారు.

సనత్‌నగర్‌లో దిగి, రిక్షా మాట్లాడుకుని, మూసాపేటలో ఆవిడ పాదాల దగ్గరికి చేరాం. ఆ చేతుల మీద ఇంకా అక్కడక్కడా తెల్లటి పిండి ఉంది. ఆయన వంగి ఆ చేతుల్ని తడిమి, కళ్లకద్దుకున్నారు.

రాజమణి అక్కా, మీరు బతికుండగా చెప్పనివ్వలేదు, ఇప్పుడు కసిరినా వింటాను కానీ ఊరుకోను. మా ఇద్దరి నమస్కారాలూ అందుకోండి. ఆ రోజు నన్ను మీ దగ్గరికి తీసుకొచ్చింది మీరే.