ఖర నామ సంవత్సరంలో పెట్టెలు మోసిన సంగతి

దేశానిది ఆర్థిక మాంద్యం, నాది బుద్ధిమాంద్యం. ఐర్లండులో ఆ రెండూ ఒకేసారి వచ్చాయి. మొదటిదాన్ని బ్యాంకుల మీదికి తోసెయ్యవచ్చు, రెండోదానికి మాత్రం నేనే పూర్తి బాధ్యుణ్ణి. ఒక మనిషి భుజం తట్టి "గ్రాండ్, గ్రాండ్, నీకెందుకు, నేనున్నాగా" అంటే దాన్ని ఉద్యోగం అనుకున్నవాణ్ణి నేను. వేసవిలో ఇంకొకడు మైకులో చెప్పబోయే మాటల్ని శీతకాలమంతా కూర్చుని రాసిపెట్టాను. నా తెలివితేటల విషయంలో మామూలుగా ఉదారంగా ఉండే మా ఆవిడ కూడా ఆ ఒక్క సంగతిలో నన్ను వెనకేసుకు రాలేకపోయింది.

ఏళ్ల పేర్లు ముందే హెచ్చరించాయి. నేను పనిచేస్తున్న మందుల ఫ్యాక్టరీ విరోధి నామ సంవత్సరంలో మూతపడింది. వికృతి పొడుగునా ఇంటర్వ్యూలకి తిరిగాను. ఏడాది చివరికి నా బయోడేటా ఆ పేరుకి తగ్గట్టే తయారైంది. తరువాత రాబోయేది ఖర.

"ఖర అంటే గాడిద కదండీ?" అంది మా ఆవిడ కొత్త పంచాంగం తిరగేస్తూ.

లోకంలో గాడిదలు చాలా ఉన్నాయి కదా, ఎవరి గురించో అనుకున్నాను.

అప్పుడు మెయ్‌నూత్‌లో అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. ఆవిడ పొద్దున్నే డబ్లిన్ రైలెక్కి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి పోయేది. నేను అమ్మాయిని బడిలో దింపి, ఇంటికెళితే పక్కింటివాళ్లు చూస్తారని లైబ్రరీకి పోయేవాణ్ణి. ఉద్యోగం లేనివాడికి లైబ్రరీ అంత మర్యాదైన చోటు ఇంకోటి లేదు. పుస్తకం తెరిచి పెట్టుకుంటే చాలు, ఏదో పరిశోధన చేస్తున్నాడనుకుంటారు.

అక్కడే పరిచయమయ్యాడు బస్సు యజమాని. అరవై దాటిన భారీ మనిషి. మంచి రోజుల్లో పెళ్లిబృందాలని తిప్పేవాడు. మాంద్యం వచ్చాక జనం పెళ్లిళ్లు మానలేదు గానీ బస్సులెక్కడం మానేశారు. ఆయన వచ్చి, కౌంటరు దగ్గరున్నావిడని "ఐర్లండులో యూదుల గురించి పుస్తకం ఏదైనా ఉందా? సన్నదైతే మంచిది" అని అడిగాడు. జూన్‌లో అమెరికా నుంచి ఇరవై ఏళ్ల వయసు యూదు కుర్రాళ్లూ అమ్మాయిలూ ఒక బృందంగా వస్తున్నారట. ఇక్కడ తమవాళ్లు బతికిన చోట్లన్నీ చూపించాలట. ఆయనకి ఆ చోట్లేవో తెలియదు.

ఆవిడ తెచ్చిచ్చిన పుస్తకం సన్నగా లేదు. ఆయన మొహం చూసి జాలిపడి, "నేను చదివి చెబుతాను" అన్నాను. నా జాలి మీద నాకెప్పుడూ అదుపు లేదు.

వారం తిరిగేసరికి ఆయన నాకు టీ ఇప్పించి ఒక ప్రతిపాదన పెట్టాడు. దారి అంతా నేనే తయారుచెయ్యాలి, ఎక్కడేం చెప్పాలో నేనే రాయాలి, బస్సులో మైకు పట్టుకుని నేనే చెప్పాలి. మొదటి బృందం మెచ్చుకుంటే ఆ వేసవిలో వచ్చే బృందాలన్నీ నావే. "గైడువి నువ్వే. నా మాట నమ్ము" అన్నాడు.

"కాయితం ఏవన్నా రాసిచ్చాడాండీ?" అని అడిగింది మా ఆవిడ.

"ఇది నమ్మకం మీద నడిచే వ్యాపారం."

"మీ ఫ్యాక్టరీ కూడా నమ్మకం మీదే మూసేశారు."

ఆ శీతకాలం నేను సంతోషంగా ఉన్నాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ కాస్త సిగ్గుగానే ఉంది. లిథువేనియా పల్లెలనుంచి వచ్చిన యూదులు డబ్లిన్‌లో కాపురాలు పెట్టిన ఎర్రిటుకల ఇళ్ల వీధుల్లో వానలో తిరిగాను. వాళ్లలో కొందరు సంచి భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి, కాథలిక్కులకి కాథలిక్కు దేవుళ్ల పటాలే వాయిదాల మీద అమ్మారని చదివి, ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగాను. తనది కాని దేవుణ్ణి మోసుకుని, తనది కాని ఊళ్లో, తలుపు తట్టే మనిషి. నాకు అతను బాగా తెలిసినవాడిలా అనిపించాడు. మైకు పట్టుకుని నలుగురి ముందు నిలబడి, నాకు తెలిసిందేదో చెప్పి, మళ్లీ సాయంత్రం అలిసిపోయి ఇంటికి రావాలి. అంతకన్నా నాకు కోరికేమీ లేదు. అద్దం ముందు సాధన చేసేవాణ్ణి. మా అమ్మాయి తలుపు సందులోంచి చూసి "డాడ్, యూ సౌండ్ లైక్ ద న్యూస్" అని తన ఐరిష్ యాసలో ధైర్యం చెప్పేది.

బృందం దిగిన రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని విమానాశ్రయానికి వెళ్లాను. బస్సు ముందు సీట్లో ఎర్రజుట్టు యువకుడొకడు మైకు ఊది చూస్తున్నాడు. యజమానికి మేనల్లుడట. ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటుగా చేసేవాడు. కొనేవాళ్లు లేక ఇంట్లో కూర్చున్నాడు. అతని ఒళ్లో ఉన్నవి నా కాగితాలు.

యజమాని నన్ను పక్కకి తీసుకెళ్లాడు. "చూడు, అంత దూరంనుంచి ఐర్లండు చూద్దామని వస్తున్నారు. ఐరిష్ గొంతుతో వినాలనుకుంటారు కదా. నువ్వేమీ అనుకోవు, నాకు తెలుసు. సామాను చూసుకునే మనిషి కూడా కావాలి మరి." పసుపుపచ్చటి మెరిసే జాకెట్టు ఒకటి నా చేతికిచ్చాడు.

అక్కడే దాన్ని తిరిగిచ్చేసి వెళ్లిపోయి ఉంటే ఇది ఇంకో రకం కథ అయ్యేది. నేను ఆ జాకెట్టు తొడుక్కున్నాను. ఇంటికెళ్లి ఏం చెప్పాలో తెలియలేదు. అదీకాక, నేను రాసింది జనం వింటుంటే చూడాలన్న కక్కుర్తి ఉంది. గైడు కాబోయి గాడిదనయ్యాను. పంచాంగం తప్పు చెప్పలేదు.

పెట్టెలు ఒక ఎత్తు, వాళ్ల వంటసామాను ఇంకో ఎత్తు. పాలకి వేరే గిన్నెలు, మాంసానికి వేరే గిన్నెలు, ఒకదానికొకటి తగలకూడదు. మడికట్టుకున్న నాయనమ్మ చేతికింద పెరిగినవాడికి అది కొత్త విద్య కాదు. ఎవరూ చెప్పకుండానే వేరు వేరుగా సర్దాను. ఒక కుర్రాడు అది చూసి ముచ్చటపడి, "మీరు కొచ్చిన్ యూదులా?" అని అడిగాడు.

"కాదు బాబూ, కాకినాడ" అన్నాను.

మేనల్లుడు చెడ్డవాడేమీ కాదు, అలవాటు పడినవాడు అంతే. పాత ప్రార్థనామందిరం ముందు నా పేరా చదివి, ఊపిరి తీసుకుని, "రెండంతస్తులు, దక్షిణపు వెలుతురు, బస్టాపు పక్కనే" అని తన సొంతం కలిపాడు. డబ్లిన్‌లోని పాత యూదు శ్మశానం దగ్గర కాపలా ఇంటి గోడ మీద 5618లో కట్టినట్టు చెక్కి ఉంటుంది. అది వాళ్ల లెక్కలో సంవత్సరం. ఆ లెక్క తెలియని వీధివాళ్లకి వింతగానే ఉంటుంది. అక్కడ చెప్పడానికి నేనో హాస్యం రాసిపెట్టుకున్నాను. "మంచి రోజుల్లో మేం ఇళ్లు కట్టకముందే అమ్మేవాళ్లం, కానీ మూడున్నర వేల ఏళ్లు ముందుగా అమ్మింది మాత్రం ఇదొక్కటే." ఇళ్లు అమ్మినవాడి నోట అది ఇంకా బాగా పేలింది. పిల్లలు పగలబడి నవ్వారు, ఇద్దరు చప్పట్లు కొట్టారు. జీవితంలో మొదటిసారి నా హాస్యానికి ఇంతమంది నవ్వారు, అందరూ అతని వైపు తిరిగి. నేను శ్మశానం గేటు పట్టుకుని నిలబడ్డాను, గాలికి పడిపోకుండా. గేటు సంగతి చెబుతున్నాను.

డబ్లిన్ అయ్యాక, యజమాని ముందే నా చేత వేయించినట్టు, బస్సు దేశానికి ఉత్తరపు కొసనున్న డోనెగల్ వైపు తిరిగింది. వారసత్వం కొంత, గొర్రెలు చాలా అన్నది ఆయన సిద్ధాంతం. లెటర్‌కెన్నీలో ఒక రాత్రి ఉండి, శుక్రవారం మధ్యాహ్నానికి స్లైగో చేరాం.

భోజనాల దగ్గర బృందం నాయకురాలు కార్యక్రమం కాగితం తిరగేస్తూ ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ల పంతులమ్మ, నెమ్మదైన మనిషి. "ఇవాళ సాయంత్రం సముద్రం ఒడ్డున సూర్యాస్తమయం చూసి, ఆ వెంటనే బస్సెక్కి డబ్లిన్ వెళతామని ఉంది. ఇదెవరు వేశారు?"

శనివారం వాళ్లకి విశ్రాంతి దినమని, ప్రయాణం చెయ్యరని నాకు తెలుసు. అందుకే శనివారం తెల్లవారేసరికి డబ్లిన్ హోటల్లో ఉండేలా కట్టుదిట్టంగా వేశాను. శనివారం సూర్యోదయంతో మొదలవుతుందన్న విషయంలో నాకు అనుమానమే రాలేదు. సూర్యుడు ఉదయించేటప్పుడు ఏ తిథి ఉంటే ఆ రోజు ఆ తిథే. ఇది నాకు ఎవరూ నేర్పలేదు, మా ఇంట్లో గాలిలో ఉండేది. వాళ్లకి మాత్రం శనివారం శుక్రవారం పొద్దుగుంకగానే మొదలవుతుంది. పుస్తకాల్లో ఆ సంగతి చదివే ఉంటాను. కానీ చదివింది కళ్లు, బస్సు టైము వేసింది నాయనమ్మ పంచాంగం. వాళ్లు ప్రయాణం ఆపాల్సిన నిమిషానికి సరిగ్గా నేను బస్సు బయల్దేరదీశాను. పైగా ముందు అస్తమయాన్ని వేడుకగా చూపించి మరీ.

"ఎవరు వేశారు?" అని ఆమె మళ్లీ అడిగింది.

"ఇతను" అన్నాడు యజమాని, రొట్టె ముక్కతో నన్ను చూపిస్తూ. "ఆ కాగితాలన్నీ రాసింది ఇతనే."

నాలుగు రోజులుగా ఆ మాట కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాను. చివరికి అన్నాడు.

ఆమె కోప్పడలేదు. నా దగ్గరికి వచ్చి, "మీ వైపు రోజు ఎప్పుడు మొదలవుతుంది?" అంది. చెప్పాను. "అయితే మా లెక్కలో మీరు అన్నిటికీ ఒక పూట ఆలస్యం" అని నవ్వింది. నిజమే. ఉద్యోగాలకీ అంతే, ఉక్రోషానికీ అంతే.

స్లైగోలోనే ఆగిపోయాం. మాంద్యం పుణ్యమా అని హోటళ్లన్నీ ఖాళీ, గదులు వెంటనే దొరికాయి. నేను పెట్టెలు దింపాను, మళ్లీ.

సాయంత్రం ఫోన్లో మా ఆవిడకి చెప్పాను, సామాను సంగతితో సహా. నవ్వుతుందనుకున్నాను. "వచ్చెయ్యండి" అంది. "ఆదివారం బస్సు తిరిగొస్తుంది" అన్నాను. "బస్సు కాదు, మిమ్మల్ని రమ్మంటున్నాను."

శనివారం బస్సు లేదు, మైకు లేదు. పొద్దున వాళ్లు ప్రార్థన చేసుకున్నారు, ఊళ్లో నడిచి వచ్చారు. మధ్యాహ్నం హోటల్ హాల్లో కుర్చీలు గుండ్రంగా వేసుకున్నాక నాయకురాలు యజమానితో, "ఇక్కడి మావాళ్ల గురించి ఇంకొంచెం చెప్పించండి. రాసినాయనే చెబితే బాగుంటుంది" అంది నా వైపు చూపిస్తూ.

నా గుండె లేచి కూర్చుంది. లేచి నిలబడటానికి మోకాళ్లు కూడా సిద్ధమయ్యాయి.

"ఆ, ఇతనా!" అని యజమాని నవ్వాడు. "రోజే తప్పు రాసినవాడమ్మా, ఇతన్ని నమ్మి శతాబ్దాలు ఎలా అప్పగిస్తాం? మావాడు చెబుతాడు." నా వైపు వంగి చిన్నగా, "వచ్చే వేసవి బృందాలు ఈవిడ చేతిలో ఉన్నాయి. నోరు విప్పి చెడగొట్టకు, మంచివాడివి కదా" అన్నాడు.

వచ్చే వేసవిలో కూడా నాకు మైకు లేదని అప్పుడు తెలిసింది. అందరికన్నా ఒక పూట ఆలస్యంగా.

జాకెట్టు విప్పి మడతపెట్టి, వెళ్లి పిల్లల మధ్య ఖాళీ కుర్చీలో కూర్చున్నాను. మేనల్లుడు లేచాడు. డబ్లిన్ కాగితాలు డబ్లిన్‌లోనే అయిపోయాయి. కార్క్ ఊరి యూదుల కథని మొన్న లెటర్‌కెన్నీ దారిలోనే చదివేశాడు. నేను రాసినవాటిలో అతనికి అందనిది లిమెరిక్ ఒక్కటే. నూరేళ్ల కిందట అక్కడ ఒక కాథలిక్కు మతగురువు ప్రసంగాలు విని ఊరు ఊరంతా యూదుల దుకాణాలని వెలివేసింది. అక్కడ స్థిరపడటానికి వచ్చినవాళ్లలో చాలామంది సామాను సర్దుకుని పోయారు. ఊరి బయట చిన్న శ్మశానం మిగిలింది. యజమాని శీతకాలంలోనే ఆ పేజీలు తీసేసి, "సెలవులకొచ్చిన పిల్లల్ని ఏడిపిస్తామా?" అన్నాడు. దాన్ని నేను దయ అనుకున్నాను.

మేనల్లుడు చెప్పిందే మళ్లీ చెప్పి, కాస్త వెలుతురు గురించీ కాస్త కిటికీల గురించీ మాట్లాడి, చెమట తుడుచుకుని, "ప్రశ్నలేమైనా?" అన్నాడు.

నేను చెయ్యెత్తాను.

అతను యజమాని వైపు చూశాడు. యజమాని టీ కప్పు నోటిదాకా వెళ్లి ఆగింది. చెయ్యెత్తినవాణ్ణి కాదనడానికి మర్యాద అడ్డొచ్చింది.

ఇంటర్వ్యూలకి దాచిపెట్టుకున్న ఇంగ్లీషుని బయటికి తీశాను. "చాలా బాగా చెప్పారు. మనం లిమెరిక్ ఎందుకు వెళ్లటం లేదండీ?"

"అదీ... లిమెరిక్ చాలా దూరం."

"డోనెగల్ కన్నానా?"

ఎవరో కిసుక్కుమన్నారు. నాయకురాలు తలెత్తి చూసింది. నా పక్కనున్న అమ్మాయి ముందుకి వంగి అడిగింది, "లిమెరిక్‌లో ఏముంది?"

"నది ఉంది" అన్నాడు మేనల్లుడు. "కోట ఉంది. పెద్ద నది."

"మావాళ్లు?"

"మీవాళ్లు... ఉండేవారు."

"ఇప్పుడు లేరా? ఎక్కడికెళ్లారు?"

అతను మంచినీళ్లు తాగాడు. ఇప్పుడు హాల్లో ఇంకో నాలుగు చేతులు లేచాయి. యజమాని నా వైపు చూస్తూ, ఆపమన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆయన చెప్పినట్టే నేను ఏమీ చెప్పలేదు. వినడానికి వచ్చిన మనిషిలా వినయంగా కూర్చుని, రెండో ప్రశ్నకి మళ్లీ చెయ్యెత్తాను.