రాజవ్వ కూర్చున్న వైపు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడు నన్ను పెద్దపల్లి నుంచి కరీంనగర్‌కు బదిలీ చేశారు. ప్రభుత్వ కార్యాలయంలో ఆర్టిస్టు హోదా. చేసే పని మాత్రం ఎక్కువగా ఫ్లెక్సీల మీది అక్షరాలు దిద్దడం. అందుకే, మీటింగు హాలుకు బస్టాండు వీధిని ఎచింగ్ చేసివ్వమని పై అధికారి అడిగినప్పుడు ఎగిరి గంతేశాను.

ఎచింగ్ అంటే జింకు రేకుకు మైనం పూసి, సూదితో బొమ్మ గీసి, యాసిడ్‌లో ముంచడం. గీసినచోట యాసిడ్ రేకును తింటుంది. ఆ గీతల్లో సిరా నింపి కాగితం మీద ఒత్తుతాం. అచ్చులో కుడి ఎడమవుతుంది కాబట్టి, ముందు కాగితం మీద గీసుకుని, తిరగేసి రేకు మీదికి దించాలి. నేను ముప్పై ఏళ్ల అనుభవమన్న పొగరుతో వీధిలోనే కూర్చుని నేరుగా రేకు మీద గీశాను. ఎడమవైపు, బస్సులు దిగేచోట సర్వపిండి అమ్మే రాజవ్వ రోజూ ఒక ముక్క పెట్టేది. ఆమెనూ ఆమె కూర్చున్నచోటే గీశాను.

దుకాణాల బోర్డులు మాత్రం గుర్తుపెట్టుకుని తిరగేసి రాశాను. అచ్చులో అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి, వీధి అటుది ఇటయింది. బోర్డులు చదవగలిగాక మిగతాది ఎవరూ చూడలేదు. నేను చూశాను, నోరు మూసుకున్నాను.

కొన్నాళ్లకు వీధి వ్యాపారులకు జాగాలు కేటాయించే సర్వే వచ్చింది. పాత జాగాకు రుజువు చూపాలి. రాజవ్వ దగ్గర కాగితం ముక్క లేదు. "హాల్ల గోడకున్న బొమ్మల నేనున్న గద" అన్నదట. ప్రభుత్వ ఆర్టిస్టు సంతకం చూసి వెంటనే ఒప్పుకున్నారు. ఫారంలో కుడి, ఎడమ అని రెండే గళ్లు. బొమ్మ చూసి కుడి అని రాశారు. అటు మురికి కాలువ, పగలంతా ఎండ, బస్సు దిగేవాళ్లు ఒక్కరూ ఉండరు.

రాజవ్వ నా గదికి వచ్చింది. "నేనెన్నడన్న ఆ దిక్కు కూసున్ననా సారూ? గట్లెందుకు గీసిండ్రు?"

సిగ్గుతో చచ్చిపోయాను. సంజాయిషీ రాసి, అసలు రేకు పట్టుకుని సర్వే అధికారి దగ్గరికి వెళ్లాను. రేకు మీద రాజవ్వ సరైన వైపే ఉంది. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "గిండ్ల అక్షరాలే ఉల్టా ఉన్నయ్. గీ రేకునెట్ల నమ్మాలె?" అన్నాడు. అరగంట వివరించాను. "బొమ్మ మంచిగనే గీసిండ్రు సార్, ఫికర్ చెయ్యకుండ్రి" అని నన్నే ఓదార్చాడు.

రాజవ్వ కుడివైపుకు మారింది. నా పదవీ విరమణ వారంలో అటుగా వెళ్తుంటే పిలిచి సర్వపిండి చేతిలో పెట్టింది. "మీ బొమ్మ కరెక్టే సారూ. ఇన్నేండ్లు నేనే గలత్ కూసున్న" అన్నది.

పనిలో తప్పు కంటపడితే ఆ రోజే రాతపూర్వకంగా తెలియజేయాలి. గోడకెక్కిన తర్వాత దాన్ని రికార్డు అంటారు.