తిప్పి చూసే సారు

మా కరీంనగర్ వెండి తీగ పనివాళ్లకు డిజైన్ల చరిత్ర చెప్పడానికి వచ్చిన సారుకు ఒక అలవాటుండేది. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు తిప్పి అడుగు చూసేవాడు. "మీద సొగసుంటది, అడుగున మనిషి ఉంటడు," అనేవాడు.

యంత్రాలొచ్చి అన్నిటినీ ఒకే అచ్చులో పోస్తున్న కాలంలో, ఇంగ్లండులో కొందరు ఎదురుతిరిగి, చేసినవాడి చెయ్యి వస్తువులో కనబడాలన్నారట. అది చెప్పేటప్పుడు ఆయన కుర్చీలోంచి లేచి నిలబడేవాడు. తరవాత వచ్చినవాళ్లు అసలు నగిషీయే దండగన్నారని చెప్పి, మా వైపు జాలిగా చూసేవాడు.

నాది ఎడమచేతి వాటం. అందరి తీగచుట్టలూ కుడికి తిరిగితే నావి ఎడమకు తిరుగుతాయి. నాకు పని నేర్పిన తండ్రి, మా బాపు, దాన్ని తప్పనేవాడు. సారు మాత్రం నా కుంకుమ భరిణెను తిప్పి చూసి, "గిది నీ సంతకం బిడ్డా, మార్చకు," అన్నాడు. నమూనాకని అడిగితే పొంగిపోయి ఇచ్చేశాను.

మొన్న మా ఊళ్లో పెట్టిన ప్రదర్శనలో ఒక బల్ల నిండా భరిణెలు. అన్నీ మిషన్ మీద అచ్చుపోసినవే. చుట్టలన్నీ ఎడమకే తిరిగి ఉన్నాయి. అడుగున సారు పేరుంది.

ఆయన బల్ల వెనకే కూర్చున్నాడు. ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టి, ఆయన పాఠమే ఆయనకు అప్పజెప్పాను.

"గిండ్ల ఏ మనిషున్నడో జర చూడుండ్రి సారూ."

మూత నిమిరాడు. "మంచిగున్నది బిడ్డా," అని బల్ల మీద పెట్టేశాడు.

తిప్పి చూడలేదు.