పిండి జల్లెడ కట్టిన కారు

1937 జనవరిలో ఏలూరు బజారు మొత్తం మీద, దమ్మిడీ ఖర్చు లేకుండా తన కారు ముందు జల్లిని తనే మార్చుకున్న మొనగాడు ఒక్కడే ఉన్నాడు. అది నేనే. రేకులపని అప్పన్న రూపాయిన్నర అడిగిన పనిని, మా కొట్లో మూలపడి ఉన్న సరుకుతో ఒక్క మధ్యాహ్నంలో ముగించి, సాయంత్రం కారుని కొట్టు ముందు నిలబెట్టి వచ్చేపోయే వాళ్లకి చూపించాను. చూసినవాళ్లంతా బాగుందనే అన్నారు. అరువు అడగబోయే వాళ్లు మరీ బాగుందన్నారు.

మాది ఇనప సామాన్ల కొట్టు. మేకులు, గొళ్లేలు, బొక్కెనలు, జల్లెళ్లు. మా ఇంట్లో పిల్లలకి నడకకన్నా ముందు బేరం వచ్చేది. ఆ విద్య తలకెక్కి, తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లు యజమాని వదిలించుకుంటున్న పాత గుడ్డటాపు కారుని నెలల తరబడి బేరమాడి కొన్నాను. ఆ బేరంలో ఎవరు నెగ్గారో కారు మొదటిసారి దారిలో ఆగినప్పుడు తెలిసింది. దాన్ని బాడుగకి తిప్పేవాణ్ణి. డ్రైవరు జీతం దండగని నేనే నడిపేవాణ్ణి.

కారు సంగతి తెలియని వాళ్లకి ఒక మాట చెప్పాలి. ముందు భాగంలో రేడియేటర్ అని నీళ్లుండే ఇత్తడి పెట్టె ఒకటి ఉంటుంది. ఇంజను వేడిని ఆ నీళ్లు మోసుకొస్తే, ఎదురుగా వచ్చే గాలి వాటిని చల్లారుస్తుంది. ఆ పెట్టెకి గులకరాళ్లు తగలకుండా ముందు తీగలతో అల్లిన తెర ఉంటుంది. దాన్ని ఇంగ్లీషులో మెష్ అంటారు, మేం జల్లి అనేవాళ్లం. నా కారు జల్లి తుప్పుపట్టి, వేలు పెడితే పొడిగా రాలుతోంది. అప్పన్న రూపాయిన్నర అన్నాడు. నేను అర్ధరూపాయి దగ్గర నిలబడ్డాను. అతను తన కత్తెర తీసుకుని వెళ్లిపోయాడు.

పని నిజానికి కష్టమేం కాదు. పాత జల్లి మీద కాగితం పరిచి అంచు గీసుకున్నాను. ఆ కొలతకి ఒక అంగుళం ఎక్కువగా కొత్త జల్లి కత్తిరించి, గీరుకోకుండా అంచులు లోపలికి మడిచి, రాగి తీగతో చట్రానికి కుట్టాను. ఇంతవరకూ ఎవరైనా చేసుకోవచ్చు, ఇప్పటికీ అలాగే చేసుకోమంటాను. తప్పంతా ఏ జల్లి అన్న దగ్గర ఉంది. కొట్లో రెండు రకాలున్నాయి. ఒకటి ఇసక జల్లెడది, ముతక, చవక. రెండోది పిండి జల్లెడది, సన్నం, ఖరీదు. జల్లెడ ఎంత సన్నమైతే సరుకు అంత మేలు అని పుట్టినప్పట్నించీ విన్నవాణ్ణి, నా కారుకి ముతకది ఎలా కడతాను? సన్నదే కట్టాను. పైగా తుప్పు పట్టకూడదని నల్లరంగు రెండు పూతలు పూశాను. ఆ రంగు సగం కన్నాల్ని పూడ్చేసింది. నేను మాత్రం నిగనిగ చూసుకుని మురిశాను.

నాలుగు రోజులకి మస్తాన్ సాయిబుగారు కొట్టుకొచ్చారు. తివాసీలు నేసేవాళ్లకి ఆయన ఉన్నికి రంగులద్ది ఇచ్చేవారు. ఇరవయ్యేళ్లుగా మా ఖాతాదారు, నాకు తెలిసినవాళ్లలో బేరంలో నన్ను ఏడిపించగల ఒకే ఒక్కడు. ఆయన హజ్ యాత్రకి బయలుదేరుతున్నారు. ఏలూరు నుంచి వెళ్లే జట్టుతో కలిసి రేపు సాయంత్రం రైలెక్కాలి, అక్కడినుంచి బొంబాయి, ఓడ. రైలు తప్పితే ఓడ తప్పినట్టే. ఆ లోపల కొల్లేటి ఒడ్డునున్న ఊళ్లో వాళ్లక్క ఖాతూన్ బీ గారిని చూసి రావాలి. తండ్రి ఇంటి వాటా దగ్గర మాటామాటా వచ్చి ఏళ్లుగా మాటల్లేవు. తగువు పెట్టుకున్నవాళ్లని మన్నించమని అడగకుండా ఆ యాత్రకి వెళ్లకూడదట. అంతకన్నా పెద్ద సంగతి, ఆవిడకి కళ్లలో పువ్వులు ముదిరాయి. తిరిగొచ్చేసరికి చూపు ఉంటుందో ఉండదో.

వెళ్లిరావడానికి మామూలు బాడుగ నాలుగు రూపాయలు. ఆయన బేరం సంగతి తెలుసు కనక ఆరన్నాను. ఆయన సరేనన్నారు.

"అదేంటండి సాయిబుగారూ, ఒంట్లో బాగానే ఉందా?" అన్నాను.

"ఈ ప్రయాణానికి బేరమాడకూడదనుకున్నానండి శెట్టిగారూ. మీరెంతంటే అంతే. మా అక్క రేపు మిట్టమధ్యాహ్నానికల్లా దోనెక్కి లంకకి వెళ్లిపోతుంది. మనవరాలి పురుడట. ఈలోగా నన్ను చేర్చండి చాలు," అన్నారు. చేపల గంపలవాళ్లతో అక్కకి కబురు కూడా పంపారట.

తెల్లారగానే బయలుదేరాం. అవి కుప్పనూర్పుల రోజులు. రోడ్డుకి రెండు పక్కలా కళ్లాలు. పైరగాలి చూసుకుని రైతులు వడ్లు తూర్పారబడుతున్నారు. తాలూ పొట్టూ రోడ్డు మీదుగా తెరలు తెరలుగా లేస్తోంది. ముతక జల్లి అయితే అది లోపలికి పోయి ఎటో రాలిపోయేది. నా పిండి జల్లెడ ఒక్క పొట్టునీ వదల్లేదు. ఊరు దాటి ఎంతో దూరం పోకముందే రేడియేటర్ మూత దగ్గర కుతకుత మొదలైంది. ఆపి, చల్లారేదాకా కూర్చుని, కాలవ నీళ్లు పోసి, జల్లిని కండువాతో తుడిచి బయలుదేరాను. మళ్లీ కాసేపటికే ఆవిరి.

రెండోసారి ఆగింది ఒక కళ్లం పక్కన. చేట దించి ఒక కాపు దగ్గరకొచ్చాడు. కారు మొహమంతా పొట్టుతో అట్టకట్టి ఉంది.

"ఏవండీ శెట్టిగారూ, తాలు అమ్మకానికి మా దగ్గరకి రావాలి గానీ, ఇలా దారినపోతూ ఎత్తుకుపోతే ఎలాగండీ," అన్నాడు. మిగతా వాళ్లు నవ్వారు. సాయిబుగారు కూడా నవ్వారు, కానీ ఆయన చూపు పొద్దు మీదే ఉంది.

నిజానికి కారు మొదటిసారి ఆగినప్పుడే నాకు అర్థమైంది. పటకారుతో రాగితీగ తెంపి జల్లి ఊడదీస్తే చాలు. చెయ్యలేదు. బజారంతా చూపించుకున్న పని. నట్టనడి రోడ్డు మీద కాపుల ముందు ఊడదియ్యడానికి చెయ్యి రాలేదు. పైగా, తుడిస్తే సరిపోతుందని నాకు నేనే బేరం పెట్టుకున్నాను. నాతో నేను ఆడిన బేరాల్లో ఎప్పుడూ నేనే ఓడిపోయాను.

మూడోసారి ఆగినప్పుడు సాయిబుగారు కారు దిగి, చెప్పులు చేతబట్టుకుని నడక మొదలుపెట్టారు. ఊరింకా కోసుల దూరం. ఆ వయసులో ఆయన వెనక్కి చూడకుండా ఆ దుమ్ములో పోతుంటే, అప్పుడు తీశాను పటకారు. జల్లి ఊడదీసి పంటబోదెలోకి విసిరేశాను. ఇంజను చల్లారాక హాండిల్ తిప్పితే బుద్ధిగా కదిలింది. ఆయన్ని దారిలో ఎక్కించుకున్నాను. ఆ తరవాత ఎక్కడా ఆగలేదు. ఆగకపోవడమే నాకు పెద్ద శిక్షలా అనిపించింది.

ఒడ్డుకి చేరేసరికి దోనె వెళ్లిపోయింది. దూరాన నీళ్ల మీద ఇంకా కనిపిస్తోంది. పిలిస్తే వినపడే దూరం కాదు. వలలు ఆరబెడుతున్న ముసలామె చెప్పింది: "పొద్దుణ్ణించీ రోడ్డుకేసే చూస్తా కూకుందండి. కారు చప్పుడైతే చెప్పమని నాకు పదిసార్లు చెప్పింది. అక్కడ పిల్లకి నొప్పులొచ్చినియ్యని కబురొస్తే, ఇంక దోనోడు ఆగలేదండి."

ఇంకో దోనె కట్టించుకుని లంకకి వెళ్తే తిరిగొచ్చేది పొద్దుగూకాకే. రైలు ఉండదు. సాయిబుగారు ఆ దోనె రెల్లు చాటుకి వెళ్లేదాకా నిలబడి, "పోదాం పదండి," అన్నారు.

స్టేషనులో జట్టువాళ్లు దండలతో ఎదురుచూస్తున్నారు. ఆయన నన్ను పక్కకి పిలిచి ఆరు రూపాయలు చేతిలో పెట్టారు. వద్దన్నాను. ముందు మామూలుగా వద్దన్నాను, తరవాత నిజంగా వద్దన్నాను.

"అలా కుదరదండి. ఒకరికి బాకీ పడి అక్కడికి వెళ్లకూడదు. మీరు తీసుకోకపోతే నా ప్రయాణం చెడుతుంది," అన్నారు. తీసుకున్నాను. నా జన్మలో డబ్బు లెక్కపెట్టకుండా జేబులో వేసుకుంది అప్పుడే.

"ఇంకోటండి. మీ కొట్లో మేకులు కొన్నప్పుడల్లా మీరటు తిరగ్గానే గుప్పెడు ఎక్కువ వేసుకునేవాణ్ణి. మన్నించాలి."

మా కాటా సంగతి నాకు తెలుసు కనక ఆ గుప్పెడుతో తూకం సరిపోయే ఉంటుంది. ఆ మాట పైకి అనలేకపోయాను. మన్నించమని నేనూ అడగాలనుకున్నాను, అదీ అడగలేదు. రైలు కదులుతుంటే, "మా అక్కకి మీరే చెప్పాలండి," అన్నారు.

మూడో రోజున దోనెలో లంకకి వెళ్లాను. ఖాతూన్ బీ గారు నా గొంతు వచ్చిన వైపు మొహం తిప్పి కూర్చున్నారు. కారు ఎందుకు ఆలస్యమైందో దాచకుండా చెప్పాను. తమ్ముడు మన్నించమన్నాడనీ చెప్పాను.

"మన్నించడం ఎప్పుడో అయిపోయిందండి. ఈ కాస్త వెలుతురు ఉండగా వాడి మొహం చూద్దామనుకున్నాను, అంతే," అన్నారావిడ.

సాయిబుగారు ఎండాకాలంలో తిరిగొచ్చారు. మర్నాడే నా కారులో అక్క దగ్గరకి తీసుకెళ్లాను. అప్పటికి కారుకి ఇసక జల్లెడ జల్లి కట్టి ఉంది, రంగు లేకుండా. వడ్లగింజ దూరాలి, గులకరాయి దూరకూడదు. కారు జల్లికి కొలత అదే. నేను నేర్చుకున్న పనితనం అంతా ఆ ఒక్క మాటలో ఉంది. దారిలో ఒక్కచోటా ఆగలేదు. ఖాతూన్ బీ గారు గుమ్మంలోకొచ్చి, చేత్తో ఆయన మొహం తడిమి చూశారు. "గడ్డం కొత్తది. ముక్కు నాన్నదే," అన్నారు. నేను కారు దగ్గరే నిలబడ్డాను.

ఇక బిల్లు. పిండి జల్లెడ జల్లి, మూలపడి ఉన్నదైనా అమ్మితే వచ్చేది, పద్నాలుగణాలు. నల్లరంగు మూడణాలు. రాగి తీగ రెండణాలు. తరవాత కట్టిన ఇసక జల్లి అయిదణాలు. లంకకి దోనె, రానూ పోనూ, ఎనిమిదణాలు. వెరసి ముప్ఫై రెండణాలు, అంటే రెండు రూపాయలు. అప్పన్న అడిగింది రూపాయిన్నర. ఎండాకాలం ప్రయాణానికి ఏమీ తీసుకోలేదు గనక అది లెక్కలోకి రాదు. జమ: జనవరిలో సాయిబుగారు బేరమాడకుండా, మామూలుకి పైన ఇచ్చినది, రెండు రూపాయలు. ఖర్చుకి జమ సరి. మొదట్లో చెప్పినట్టే, ఆ జల్లికి నాకు దమ్మిడీ ఖర్చు కాలేదు.